సింగిల్స్‌లో 27, డబుల్స్‌లో 1: సానియా మీర్జా కెరీర్ కేస్ స్టడీ

2007 ఆగస్టు 27న సానియా మీర్జా టెన్నిస్ సింగిల్స్ ర్యాంకు 27. సింగిల్స్‌లో ఆమె అందుకున్న ఎత్తు అదే. 2015 ఏప్రిల్ 13న డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది, మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది. ఈ రెండు తేదీల మధ్య ఏడున్నరేళ్లు. "సింగిల్స్ ఆడలేక డబుల్స్‌కి పోయింది" అని మన అకాడమీల గేటు దగ్గర తల్లిదండ్రులు ఇప్పటికీ అంటుంటారు. సగం నిజమే. కానీ ఒళ్లు దెబ్బతిన్న ప్లేయర్లందరూ డబుల్స్‌లో నంబర్ వన్ అవలేదు కదా. అదే చెయ్యి, అదే సర్వీసు, మునుపటికంటే అరిగిన మోకాళ్లు. వాటితోనే అంత దూరం ఎలా వెళ్లిందన్నది ఈ కేసులో చూడాల్సిన విషయం.

సింగిల్స్ దశ: ఏం పనిచేసింది

2003లో అలీసా క్లెబనోవాతో వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్. 2005 జనవరిలో వైల్డ్ కార్డుతో (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే ప్రవేశం) ఆస్ట్రేలియన్ ఓపెన్‌లోకి వచ్చి మూడో రౌండ్ దాకా వెళ్లింది. అక్కడ సెరెనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6. ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించింది. డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమే. తర్వాత దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ స్వెత్లానా కుజ్నెత్సోవాపై 6-4, 6-2. ఆ ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ చేరి షరపోవా చేతిలో 2-6, 1-6తో ఓడింది.

ఈ ఫలితాలను వరుసగా పెట్టి చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. బంతి సానియా ఫోర్‌హ్యాండ్ (రాకెట్ పట్టిన చేతి వైపు కొట్టే షాట్) అందుబాటులోకి వచ్చినప్పుడల్లా పెద్దపెద్ద ప్లేయర్లు కూడా తడబడ్డారు. బంతి అక్కడికి రానివ్వకుండా ఆడగలిగిన సెరెనా, షరపోవా లాంటి వాళ్ల ముందు మ్యాచ్ త్వరగా ముగిసింది. ఫోర్‌హ్యాండ్ ప్రపంచ టాప్ 10 స్థాయిది. మిగతా ఆట ఆ స్థాయిది కాదు. సింగిల్స్‌లో ఎదుటి ప్లేయర్ ఈ తేడాను పసిగట్టడానికి నాలుగైదు గేమ్‌లు చాలు.

లోపాలు ఎక్కడున్నాయి

మొదటిది సెకండ్ సర్వ్, అంటే తొలి సర్వీసు తప్పితే వేసే రెండోది. నెమ్మదిగా, ఎక్కువ తిప్పు లేకుండా, సర్వీస్ బాక్స్ మధ్యలో పడేది. సింగిల్స్‌లో అలాంటి సెకండ్ సర్వ్‌కి శిక్ష వెంటనే పడుతుంది. రిటర్న్ చేసే ప్లేయర్ రెండడుగులు లోపలికి వచ్చి, కోర్టులో ఏ మూలకైనా నిశ్చింతగా కొట్టవచ్చు. నెట్ దగ్గర అడ్డు ఎవరూ ఉండరు. ఆ భయంతో సర్వర్ లైనుకి దగ్గరగా వేయబోతుంది, రెండో సర్వీసూ తప్పి డబుల్ ఫాల్ట్ అవుతుంది, పాయింటు పోతుంది. డబుల్ ఫాల్ట్‌లు ఎక్కువైన చోట టాస్ (సర్వీసుకి బంతిని పైకి ఎగరేయడం) మీదనో కాళ్ల మీదనో పని చేసినంత మాత్రాన సరిపోదు. ఆ భయానికి కారణమైన రిటర్న్ ఒత్తిడిని కూడా చూడాలి.

రెండోది పక్కలకి కదలిక. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. అదంతా ఒక్కరే కాచుకోవాలి. బలమైన ఫోర్‌హ్యాండ్ ఉన్న కుడిచేతి ప్లేయర్ బ్యాక్‌హ్యాండ్ వైపు, అంటే ఎడమవైపు, వచ్చిన బంతిని కూడా చుట్టూ తిరిగి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టాలనుకుంటుంది. అలా తిరిగిన ప్రతిసారీ కుడివైపు కోర్టు ఖాళీ అవుతుంది. వేగంగా వెనక్కి రాలేకపోతే తన బలమే తనకు ఉచ్చు.

మూడోది మణికట్టు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జూనియర్లలో ఎక్కువగా చూస్తున్న సమస్య ఇదే. సానియా ఫోర్‌హ్యాండ్ వేగం భుజం నుంచి, నడుము నుంచి వచ్చినదానికంటే మణికట్టు నుంచి ఎక్కువ వచ్చేది. ఆమె మణికట్టు మామూలు ప్లేయర్ల కంటే బాగా వెనక్కి వంగడం వీడియో నెమ్మదిగా నడిపితే ఎవరికైనా కనిపిస్తుంది. చెయ్యి ముందుకు కదులుతుంటే రాకెట్ తల వెనకే ఉండిపోతుంది. బంతికి తగిలే ముందు క్షణంలో కొరడాలా వచ్చి పడుతుంది. ఎదుటి ప్లేయర్‌కి దిశ తెలియదు, అందుకే ఆ షాట్ అంత ప్రమాదకరం. అదే కారణంగా భారమంతా మణికట్టు చుట్టూ ఉన్న చిన్న స్నాయువుల మీద పడుతుంది. అరచేతిని రాకెట్ పిడి కిందివైపుకి తిప్పి పట్టుకునే ప్లేయర్లకు నొప్పి సాధారణంగా చిటికెన వేలు వైపు మొదలవుతుంది. బంతి ఒంటికి దగ్గరగా వచ్చినప్పుడు, లేదా ఆలస్యంగా తగిలినప్పుడు ఇంకా ఎక్కువ.

2008లో ఆమె కుడి మణికట్టుకి శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్ తొలి రౌండులో ఇవెటా బెనెసోవాతో 1-6, 1-2 దగ్గర అదే మణికట్టు నొప్పితో తప్పుకుంది. మోకాళ్లకు కూడా ఆపరేషన్లు అయ్యాయి. 2013 నాటికి సింగిల్స్ పూర్తిగా మానేసింది.

ఇక్కడ ఒక పక్కమాట. 14 ఏళ్ల పిల్ల రాకెట్‌కి గట్టి పాలియెస్టర్ తీగలు 55 పౌండ్లకు బిగించి, అవి చచ్చుబడి తెగేదాకా ఆడించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. మణికట్టుతో కొట్టే పిల్లకు ఇది మరీ చెడ్డది. మెత్తటి తీగ, లేదా నిలువున పాలియెస్టర్, అడ్డంగా మెత్తటిది వేసి 48 నుంచి 50 పౌండ్లకు తగ్గిస్తే చేతికి చేరే అదురు తగ్గుతుంది. తీగ తెగకపోయినా సాగే గుణం పోగానే మార్చాలి.

డబుల్స్ ఈ లోపాలను ఎలా కప్పింది

లెక్క చూడండి. సింగిల్స్‌లో ప్రతి రెండు గేమ్‌లకు ఒకటి మీ సర్వీసు. డబుల్స్‌లో నాలుగింటికి ఒకటి. సింగిల్స్‌లో ఎదుటివాళ్ల సర్వీస్ గేమ్‌లో ప్రతి పాయింటూ మీరే రిటర్న్ చేయాలి. డబుల్స్‌లో సగం పాయింట్లే. డబ్ల్యూటీఏ టూర్ డబుల్స్‌లో స్కోరు 40-40 దగ్గర ఒకే పాయింటుతో గేమ్ తేలిపోతుంది, మూడో సెట్ బదులు 10 పాయింట్ల టైబ్రేక్ ఉంటుంది. గ్రాండ్ స్లామ్ మహిళల డబుల్స్‌లో మాత్రం పాత పద్ధతే. అంటే ఏడాది మొత్తంలో మణికట్టు మీద, మోకాళ్ల మీద పడే భారం బాగా తగ్గుతుంది. అయితే అందరూ చెప్పేది ఇదొక్కటే. అసలు లాభం వేరే చోట ఉంది.

సెకండ్ సర్వ్‌నే తీసుకోండి. బంతి అదే, వేగం అదే. కానీ ఇప్పుడు నెట్ దగ్గర భాగస్వామి నిలబడి ఉంది. రిటర్న్ చేసే ప్లేయర్ ఆమెను తప్పించి కొట్టాలి. కోర్టు 36 అడుగులకు పెరిగినా, రిటర్న్‌కి భద్రంగా దొరికే సందు నిజానికి తగ్గిపోతుంది. అడ్డంగా (ఎదురు మూలవైపు కోణంలో), తక్కువ ఎత్తులో, సర్వర్ కాళ్ల దగ్గరకు పంపాలి. లేదంటే ఆమె తల మీదుగా లాబ్ ఎత్తాలి. నెట్ మనిషి అటూ ఇటూ కదులుతూ ఉంటే ఆ ఆలోచనతోనే రిటర్న్ సగం పాడవుతుంది. సానియా సెకండ్ సర్వ్ పెద్దగా మెరుగుపడకపోయినా, దాని మీద పడే శిక్ష తగ్గింది.

ఇక ఫోర్‌హ్యాండ్. సానియా డ్యూస్ కోర్టులో, అంటే కుడివైపు, నిలబడి రిటర్న్ చేసేది. కుడిచేతి ప్లేయర్‌కి ఆ వైపు బయటికి వేసిన సర్వీసు నేరుగా ఫోర్‌హ్యాండ్‌కి వస్తుంది. సర్వర్ అది తప్పించాలంటే మధ్య గీత మీదకు, బ్యాక్‌హ్యాండ్ వైపు వేయాలి. సానియా రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ రిటర్న్ కూడా గట్టిదే. పైగా నెట్ ఎత్తు మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర. అడ్డంగా కొట్టే బంతి తక్కువ ఎత్తున్న మధ్యభాగం మీదుగా పోతుంది. బంతిని చదునుగా, గట్టిగా కొట్టే ప్లేయర్‌కి ఆ ఆరంగుళాల తేడా చిన్నది కాదు.

40-40 దగ్గర పడే ఒక్క పాయింటు గురించి చాలామంది పట్టించుకోరు. ఏ వైపు నుంచి రిటర్న్ చేయాలో రిటర్న్ జట్టే ఎంచుకుంటుంది. అంటే గేమ్‌ని తేల్చే పాయింటు దగ్గర తమ ఉత్తమ రిటర్న్‌ను ముందుకు తేవచ్చు. డ్యూస్ వైపు పెద్ద రిటర్న్ ఉన్న జట్టుకు ఇది ప్రతి మ్యాచ్‌లో దొరికే కానుక. మిక్స్‌డ్‌లో (ఆడ, మగ జోడీగా ఆడే డబుల్స్) ఈ పద్ధతి ఉన్న చోట మాత్రం ఎంపిక ఉండదు. సర్వర్ ఆడదైతే ఆడ ప్లేయరే, మగాడైతే మగ ప్లేయరే రిటర్న్ చేయాలి.

భాగస్వామి ఎంపిక

ఈ కేసులో అసలు నైపుణ్యం ఇక్కడే ఉందని మా అభిప్రాయం. సానియా చాలామందితో ఆడింది. 2011 ఫ్రెంచ్ ఓపెన్‌లో ఎలెనా వెస్నినాతో ఫైనల్ చేరి హ్లవచ్కోవా, హ్రదెత్స్కా జోడీ చేతిలో ఓడింది. జింబాబ్వే ప్లేయర్ కారా బ్లాక్‌తో కలిసి 2014లో సింగపూర్‌లో డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది, ఫైనల్ స్కోరు 6-1, 6-0. మిక్స్‌డ్‌లో మహేశ్ భూపతితో 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్, బ్రూనో సోరెస్‌తో 2014 యూఎస్ ఓపెన్. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన సాకేత్ మైనేనితో మిక్స్‌డ్ స్వర్ణం.

2015 మొదట్లో తైవాన్‌కి చెందిన హ్సీ సు-వీతో మొదలుపెట్టింది. హ్సీ గొప్ప ప్లేయర్, అందులో సందేహం లేదు. కానీ జోడీ కుదరలేదు, రెండు నెలల్లోపే విడిపోయారు. కుదరని జోడీని సీజన్ చివరిదాకా మొహమాటంతో లాగడం డబుల్స్‌లో తరచూ జరిగే పొరపాటు. డబుల్స్ ర్యాంకు గత 52 వారాల ఉత్తమ ఫలితాల మొత్తం, అప్పట్లో 11 టోర్నీలు లెక్క. మూడు నెలలు తప్పు జోడీతో గడిస్తే ఆ ఖాళీ ఏడాదంతా వెంటాడుతుంది.

మార్చిలో ఇండియన్ వెల్స్ టోర్నీ నుంచి కొత్త భాగస్వామి, స్విట్జర్లాండ్‌కి చెందిన మార్టినా హింగిస్. వరుసగా ఇండియన్ వెల్స్, మయామి, చార్లెస్టన్ టైటిళ్లు. చార్లెస్టన్ గెలిచిన మరుసటి సోమవారం సానియా నంబర్ వన్.

ఎందుకు అంత త్వరగా కుదిరింది? హింగిస్ యాడ్ కోర్టులో, ఎడమవైపు. ఇద్దరూ కుడిచేతి వాళ్లు కాబట్టి మధ్యలో పడే బంతి సానియాకు బ్యాక్‌హ్యాండ్, హింగిస్‌కు ఫోర్‌హ్యాండ్. డబుల్స్‌లో ఎక్కువ తగాదా మధ్య బంతి దగ్గరే. "నీదా, నాదా" అన్న అర సెకను తటపటాయింపులో పాయింటు పోతుంది. ఇక్కడ ఆ బంతి ఎవరిదో ముందే తేలిపోయింది. నెట్ దగ్గర ప్రపంచంలోనే అత్యుత్తమ చేతులు హింగిస్‌వి. సానియా వెనక నుంచి గట్టిగా కొడుతుంది, ఎదుటివాళ్లు ఎలాగోలా తిరిగి పంపిన మెత్తటి బంతిని హింగిస్ అడ్డుపడి ముగిస్తుంది. హింగిస్ సర్వీసు కూడా బలమైనది కాదు. అంటే రెండు సాధారణ సర్వీసులున్న జట్టు ప్రపంచ నంబర్ వన్ అయింది. సర్వీస్ గేమ్‌లు పోగొట్టుకున్నా రిటర్న్‌తో తిరిగి తెచ్చుకోగలమన్న నమ్మకం మీద నడిచిన ఆట అది.

ఆ నమ్మకం పరీక్షకు వచ్చింది 2015 వింబుల్డన్ ఫైనల్లో. ఎదురుగా మకరోవా, పాత భాగస్వామి వెస్నినా. తొలి సెట్ 5-7. రెండోది టైబ్రేక్‌లో 7-6. మూడో సెట్లో 2-5తో వెనకబడ్డారు. అక్కడి నుంచి వరుసగా అయిదు గేమ్‌లు గెలవాలి, అయిదు వరుస గేమ్‌లలో రెండైనా ఎదుటివాళ్ల సర్వీసే. 5-5 దగ్గర చీకటి పడటంతో ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూశారు. ఊపులో ఉన్న జట్టుకు ఇలాంటి విరామం మంచిది కాదు. గాలి ఆగుతుంది, లోపల తేమ పెరుగుతుంది, వేడెక్కిన ఒళ్లు చల్లబడుతుంది. తిరిగి వచ్చాక మిగిలిన రెండు గేమ్‌లూ తీసుకుని 7-5తో ముగించారు. ఆ రోజుల్లో వింబుల్డన్ చివరి సెట్లో టైబ్రేక్ లేదు. అంటే ఆ రెండు గేమ్‌లలో ఒకటి మళ్లీ బ్రేక్ చేసి (ఎదుటివాళ్ల సర్వీసులో గెలిచి) తీరాల్సిందే.

తర్వాత యూఎస్ ఓపెన్, ఆ పైన 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్. మెల్‌బోర్న్ ఫైనల్లో ఓడించింది 2011లో తనను పారిస్‌లో ఓడించిన హ్లవచ్కోవా, హ్రదెత్స్కానే. వరుసగా 41 మ్యాచ్‌లు, తొమ్మిది టైటిళ్లు. 1990లో నొవోత్నా, సుకోవా 44 గెలిచాక మహిళల డబుల్స్‌లో అంత పొడవైన వరుస మరొకటి లేదు. 2016 ఫిబ్రవరిలో దోహాలో ఆ వరుసను తెంచింది వెస్నినా, కసత్కినా జోడీ. ఆగస్టుకల్లా సానియా, హింగిస్ విడిపోయారు. ఎదుటి జట్లు వీళ్ల ఆట చదివేశాయి. హింగిస్ కదలకముందే ఆమె మీదుగా లాబ్‌లు ఎత్తడం, సానియాను నెట్ దగ్గరకు లాగి వాలీ (బంతి నేలకు తగలకముందే కొట్టే షాట్) ఆడించడం మొదలైంది. విడిపోయిన వెంటనే సిన్సినాటి ఫైనల్లో సానియా, బార్బొరా స్ట్రిత్సోవా కలిసి హింగిస్, కోకో వాండవే జోడీని ఓడించారు. సానియా ఆట తగ్గలేదు, ఆ జోడీ కాలం తీరింది.

డబ్బు సంగతి

2015 వింబుల్డన్‌లో మహిళల సింగిల్స్ విజేతకు 18 లక్షల 80 వేల పౌండ్లు. డబుల్స్ విజేతలకు 3 లక్షల 40 వేలు, అదీ ఇద్దరికీ కలిపి. ర్యాంకింగ్ పాయింట్లు మాత్రం సమానం: టైటిల్‌కి 2000, ఫైనల్‌కి 1300, సెమీస్‌కి 780, క్వార్టర్స్‌కి 430. డబుల్స్ డ్రా 64 జట్లది కాబట్టి ఆరు మ్యాచ్‌లు గెలిస్తే టైటిల్, సింగిల్స్‌లో ఏడు. పాయింట్ల వైపు నుంచి చూస్తే డబుల్స్ దగ్గరి దారి, డబ్బు వైపు నుంచి చూస్తే కాదు. అందుకే సింగిల్స్‌లో టాప్ 100 లోపల ఉన్నంతవరకు ఎవరూ వదలరు, వదలకూడదు. గాయం ఖర్చు సింగిల్స్ ఆదాయాన్ని మింగేయడం మొదలైనప్పుడే లెక్క మారుతుంది. సానియా విషయంలో ఆ సమయం 2013 కంటే ముందే వచ్చిందని మా అంచనా. 2009లో మిక్స్‌డ్ గ్రాండ్ స్లామ్ గెలిచినప్పుడే సూచన కనబడింది.

తిరిగి రావడం

2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. సుమారు 26 కిలోలు తగ్గి, 2020 జనవరిలో హోబర్ట్‌లో నదియా కిచెనోక్‌తో బరిలోకి దిగి మొదటి టోర్నీయే గెలిచింది. ఇలాంటి పునరాగమనానికి ప్రత్యేక ర్యాంకు సదుపాయం ఉంటుంది. ఆట ఆపేనాటి ర్యాంకును పరిమిత సంఖ్యలో టోర్నీల ఎంట్రీకి వాడుకోవచ్చు. ఎన్నింటిలో, ఎంతకాలం అన్నది నిబంధనల పుస్తకంలో ఏటా చూసుకోవాలి. ఏ టోర్నీకి వాడాలన్నదే తెలివి. సానియా తన 9వ ర్యాంకును టోక్యో ఒలింపిక్స్‌కి దాచుకుంది. ఆ ఒలింపిక్స్‌లో డబుల్స్ టాప్ 10లో ఉన్నవాళ్లు తమ దేశం నుంచి టాప్ 300 లోపు ఉన్న భాగస్వామిని తెచ్చుకునే వీలుండేది. అలా అంకితా రైనాకు దారి దొరికింది. అక్కడ కిచెనోక్ అక్కచెల్లెళ్ల మీద తొలి సెట్ 6-0తో గెలిచి కూడా మ్యాచ్ చేజార్చుకున్నారు.

2022 చివర్లో ఆపేద్దామనుకుంటే మోచేయి గాయం యూఎస్ ఓపెన్ ఆడనివ్వలేదు. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్‌లో రోహన్ బోపన్నతో ఫైనల్ ఆడి, ఫిబ్రవరిలో దుబాయ్‌లో ముగించింది.

అకాడమీలో దీన్ని వాడుకోవడం ఎలా

15, 16 ఏళ్ల పిల్లకు డబుల్స్ సరిపోతుందా అని చూడటానికి ముందు వాలీ చూడకండి, రిటర్న్ చూడండి. నెట్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టి, కదలమని చెప్పి, ఒకే వైపు నుంచి 20 సెకండ్ సర్వ్‌లు రిటర్న్ చేయించాలి. నెట్ మనిషికి అందకుండా, సర్వర్ వైపు సర్వీస్ లైను దాటక ముందే నేలకు తగిలినవి లెక్కించండి. 12 దాటితే పని మొదలుపెట్టవచ్చు. రెండు వైపుల నుంచీ వేర్వేరుగా చేయాలి. చాలామంది పిల్లలు కోచ్ నిలబెట్టిన వైపే ఏళ్ల తరబడి ఆడుతుంటారు, రెండో వైపు మెరుగ్గా ఉందని ఎవరూ చూడరు.

నెట్ మనిషి కదలకుండా నిలబడితే ఈ పరీక్ష పనికిరాదు. ఆమె ప్రతి మూడు బంతుల్లో ఒకదానికైనా ముందుగానే మధ్యకు దూకాలి. అప్పుడు రిటర్న్ చేసే పిల్ల కళ్లు బంతి మీద నుంచి నెట్ వైపు జారతాయి, బంతి ఆలస్యంగా తగులుతుంది, మణికట్టుతో సర్దబోతుంది. ఆ సర్దుబాటు కనబడిన రోజు ఫోర్‌హ్యాండ్ బుట్ట డ్రిల్ (బుట్టలోంచి బంతులు వరుసగా అందిస్తూ కొట్టించడం) ఆపేసి, బంతిని ఒంటికి ఒక అడుగు ముందు అందుకోవడం మీద పని చేయించాలి.